ఇరవై ఏళ్ల కారుకు ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చు?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 38. మంగళగిరిలో ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడిని. నెలకు 68,000 రూపాయలు చేతికి వస్తుంది. మా నాన్నగారు 2006 నవంబరులో కొన్న స్విఫ్ట్ 1.3 పెట్రోలు కారు ఇప్పుడు నా పేరు మీద ఉంది. వెడల్పు టైర్లతో అల్లాయ్ వీల్స్, ఎత్తు తగ్గించే స్ప్రింగులు, వేరే సైలెన్సర్, తెల్లటి హెచ్‌ఐడీ దీపాలు, ఆంప్లిఫయర్ వేయించాను. చిన్న రిపేర్లన్నీ ఆదివారాల్లో ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను. విడిభాగాలకూ పనిముట్లకూ రెండేళ్లలో 1,65,000 అయింది. అందులో 48,000 ఇంకా క్రెడిట్ కార్డు మీదే ఉంది. ఇప్పుడు ఇంజన్ ఆయిల్ తాగుతోంది, నీలిరంగు పొగ వస్తోంది. ఇంజన్ విప్పి బోరు చేయించాలని, అంటే అరిగిన సిలిండర్లను లోపల చెక్కించి సరిచేయించాలని, 85,000 అవుతుందని విజయవాడ ఆటోనగర్‌లో చెప్పారు. దానికి పర్సనల్ లోన్ తీసుకోనా? లేక మా ఆవిడ అంటున్నట్టు ఇది అమ్మేసి, ఎనిమిది లక్షల్లో కొత్త కారు వాయిదాల మీద తీసుకోనా? ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 36,000, పెట్రోలు 7,300, అమ్మానాన్నలకు 5,000, పాప సుకన్య సమృద్ధి ఖాతాకు 2,000. బ్యాంకులో 1,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు.

జవాబు: మీరు అడిగిన రెండు దారుల్లో దేనికీ ఇప్పుడే వెళ్లవద్దని నా సలహా. ఈ కారు మీద మీరు పెడుతున్న డబ్బులో ప్రయాణానికి అయ్యేది ఎంత, ఇష్టం కొద్దీ పెట్టేది ఎంత అన్నది విడదీయనంత కాలం 85,000 ఎక్కువో తక్కువో మీకు తెలియదు, కొత్త కారు అవసరమో కాదో కూడా తేలదు. రెండూ న్యాయమైన ఖర్చులే. తండ్రి కొన్న కారును చేతులారా బాగుచేసుకోవడంలో ఉన్న తృప్తిని నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే ప్రయాణం ఖర్చు జీతంలోంచి నెలనెలా క్రమంగా రావాలి, ఇష్టానికి పెట్టే ఖర్చు మిగులులోంచే రావాలి, ఏ ఒక్కటీ అప్పులోంచి రాకూడదు.

ముందు మీ లెక్క చూద్దాం. మీరు రాసిన నాలుగు ఖర్చులు కలిపితే 50,300. అంటే నెలకు 17,700 మిగలాలి. రెండేళ్ల విడిభాగాల ఖర్చును నెలలకు పంచితే 6,875 వస్తుంది. కార్డు వడ్డీ పోను కూడా మరో తొమ్మిది వేల దాకా ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. కాబట్టి నింద మొత్తం కారు మీద మోపడం న్యాయం కాదు. మూడు నెలల పాటు యూపీఐ చెల్లింపులన్నీ ఒక పుస్తకంలో రాసి చూడండి.

కార్డు బాకీని మాత్రం ఈ వారమే తీర్చేయండి. నెలకు మూడున్నర శాతం చొప్పున 48,000కు వడ్డీ 1,680, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 1,980 అవుతుంది. అదే 48,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఏడు శాతానికి ఉన్నా ఏడాది మొత్తానికి వచ్చేది 3,360 మాత్రమే, అంటే కార్డు రెండు నెలల్లో తీసుకునేదాని కంటే తక్కువ. గడువుకు ముందు డిపాజిట్ తీస్తే వడ్డీ కొంత తగ్గిస్తారు, అయినా ఇదే లాభం. మిగిలే లక్షా రెండు వేలు మీ రెండు నెలల ఖర్చుకు సరిపోతుంది. దాన్ని కారు కోసం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు.

ఇక ఇంజన్ సంగతి. నీలి పొగ కనబడగానే బోరు చేయించాల్సిందే అనుకోనక్కరలేదు. రాత్రంతా నిలిపిన కారును పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పున వచ్చి కాసేపటికి తగ్గిపోయే పొగ సాధారణంగా సిలిండర్లలోకి ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ సీళ్ల నుంచి వస్తుంది. రోడ్డు మీద యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ వెనక పొగ పెరుగుతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి. ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా ఆయిల్ ఖర్చవుతుంది, దాన్ని మార్చడానికి అయ్యేది చాలా తక్కువ. ఇంట్లో పనిముట్లున్న మీకు, సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజ్ సంపాదించడం కష్టం కాదు. ఇంజన్ వేడిగా ఉండగా ఇగ్నిషన్‌నూ పెట్రోలు పంపునూ పనిచేయకుండా చేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్ అంకెను కాగితం మీద రాసుకోండి. తర్వాత తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, పెరగకపోతే లోపం వాల్వుల వైపు ఉన్నట్టు. నాలుగూ దగ్గర దగ్గరగా, ఆరోగ్యంగా ఉండి పొగ పొద్దున మాత్రమే వస్తుంటే, సీళ్లు మార్చడానికి ఎంతవుతుందో అడగండి. అది 85,000లో చిన్న భాగమే అవుతుంది. ఈ అంకెలు చేతిలో పెట్టుకుని ఆటోనగర్‌లో మరో ఇద్దరు మేస్త్రీలను అడిగితే, మీకు చెప్పే ధర కూడా వేరుగా ఉంటుంది. లేత్ పని, విడిభాగాలు, కూలీ మూడింటినీ విడివిడిగా రాసివ్వమనండి.

రింగులే అరిగాయని తేలినా బోరు పని వెంటనే మొదలుపెట్టకండి, ఎందుకంటే ఈ కారుకు రాబోయే నవంబరులో ఇరవై ఏళ్లు నిండుతున్నాయి. సొంత కార్ల రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, ఆ తర్వాత తనిఖీ చేసి ఐదేసి ఏళ్లకు ఇస్తారు. 2021లో రెన్యువల్ చేయించి ఉంటే ఆ గడువు ఇప్పుడు ముగుస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. పాత వాహనాల మీద వేసే హరిత పన్ను, తనిఖీకి ముందు చేయించాల్సిన చిన్న పనులు కలిపి 20,000 పక్కన పెట్టుకోండి. గడువుకు అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ఆలస్యమైతే కార్లకు నెలకు 500 అదనం. మరో ఐదేళ్లు రోడ్డు మీద తిరగవచ్చని కాగితం చేతికి రాకముందే ఇంజన్ మీద 85,000 పెట్టడం క్రమం తప్పిన పని. పొగను అదుపులోకి తెచ్చేంత రిపేరు మాత్రం ముందు చేయించాలి, లేకపోతే కాలుష్య పరీక్షలోనే ఆగిపోతుంది.

తనిఖీకి అడ్డువచ్చే రెండో విషయం మీరు చేయించిన మార్పులు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన దానికీ ఆర్సీలో ఉన్న వివరాలకూ భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఆంప్లిఫయర్ వల్ల పెద్ద చిక్కు లేదు. సైలెన్సర్, హెచ్‌ఐడీ దీపాలు, కిందికి దించిన స్ప్రింగులు, కంపెనీ చెప్పిన కొలతకు మించిన చక్రాలు అలా కాదు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ సర్వేయర్ మొదట చూసేవి కూడా ఇవే, చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ నిరాకరణకు కారణం కాగలదు. పాత సైలెన్సర్, ఇనుప చక్రాలు అటక మీద ఉంటే దించి బిగించండి, లేకపోతే ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్‌వి దొరుకుతాయి. తీసిన అల్లాయ్ వీల్స్ అమ్మితే వచ్చే డబ్బు రెన్యువల్ ఖర్చుకు ఆసరా అవుతుంది.

ఈ మార్పుల ఖర్చు మీకు పెట్రోలు బంకులో కూడా పడుతోంది. మీ 7,300 రూపాయలను లీటరు 110 లెక్కన చూస్తే ఏడాదికి సుమారు 800 లీటర్లు. నెలకు 800 కిలోమీటర్లు తిరుగుతున్నారనుకుంటే లీటరుకు 12 కిలోమీటర్లే వస్తున్నాయన్న మాట. పాత చక్రాలతో, బాగున్న ఇంజన్‌తో అదే కారు 15 ఇస్తే 640 లీటర్లు చాలు, ఏడాదికి 17,600 రూపాయలు మిగులుతాయి. ఇంట్లో మీరే రిపేర్లు చేసి ఆదా చేసే కూలీ కంటే ఇది ఎక్కువే కావచ్చు.

ఇంటి పని గురించి ఒక మాట చెప్పాలి. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్, బ్యాటరీ, వైపర్లు మీరు మార్చుకోవడం మంచి ఆదా, అది కొనసాగించండి. టైమింగ్ బెల్టు, సస్పెన్షన్ స్ప్రింగులు, బ్రేకు గొట్టాలు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు మాత్రం షెడ్డుకు వదిలేయండి. బెల్టు ఒక పన్ను తేడాగా బిగించినా ఇంజన్ దెబ్బతినవచ్చు, అప్పుడు ఆదా చేసిన కూలీకి ఎన్నో రెట్లు పోతుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇప్పుడు దేశమంతటా వచ్చింది. మీ కారు కాలం నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికోసం తయారైనవి కావు. వాసన, తడి కనబడితే ఆలస్యం చేయకుండా ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించండి. నిప్పు ప్రమాదం ఉన్న పని కాబట్టి దీన్నీ ఇంట్లో చేయవద్దు. డోరు, అద్దం, సీటు వంటివి సెకండ్‌హ్యాండ్‌వి కొన్నా ఫరవాలేదు గానీ, బెల్టు, వాటర్ పంపు, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడూ కొత్తవే, బిల్లుతోనే కొనండి. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టుకోండి. మీ జీతం మీద ఇంతమంది ఆధారపడి ఉండగా టర్మ్ బీమా ఉన్నట్టు మీరు రాయలేదు. లేకపోతే, కారు మీద మరో రూపాయి పెట్టకముందే కోటి రూపాయల పాలసీ తీసుకోండి. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

కారు బీమా విషయానికొస్తే, 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416, జీఎస్టీతో సుమారు 4,030. ఇంత పాత కారుకు పూర్తి బీమా తీసుకున్నా, పదేళ్లు దాటిన కారులో లోహపు భాగాలకు సగం, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగుదల కోస్తారు కాబట్టి చేతికి వచ్చేది తక్కువే. థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చు. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లను గుర్తుపెట్టుకోండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి సొంత కారు నష్టానికి పైసా రాదు. ఆ నష్టాన్ని భరించే నిధి మీ దగ్గరే ఉండాలి. నీళ్లలో మునిగిన కారును ఆత్రపడి స్టార్ట్ చేయవద్దు, లోపలికి పోయిన నీటితో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

ఇప్పుడు 17,700ను ఇలా పంచండి. అత్యవసర నిధి కనీసం మూడు లక్షలయ్యే వరకు 6,000, టర్మ్ బీమాకు 2,000 లోపు. కారు ప్రయాణ ఖాతాకు 3,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదికి పోగయ్యే 42,000లోనే బీమా, రెన్యువల్, ఆయిల్ సర్వీసులు, టైర్లు, బ్యాటరీ అన్నీ జరగాలి. ఇష్టం ఖాతాకు 1,500. సౌండ్ సిస్టమ్ అయినా, పాలిష్ అయినా, కొత్త పనిముట్టయినా ఈ ఖాతాలో డబ్బు పోగయ్యే దాకా ఆగాలి. మిగిలిన 4,700 రాబోయే కారు కోసం దాచండి.

మీ ఆవిడ గారి కోరికను పక్కన పెట్టమని నేను అనడం లేదు, కొంత కాలం ఆగమంటున్నాను. ఎనిమిది లక్షల కారుకు లక్షన్నర కట్టి, మిగిలిన ఆరున్నర లక్షలు 9.25 శాతానికి ఏడేళ్లు తీసుకుంటే వాయిదా సుమారు 10,540, వడ్డీ మొత్తం 2,35,000. ఆ లక్షన్నర మీ అత్యవసర నిధిని మొత్తంగా ఊడ్చేస్తుంది. 85,000 పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లు తీసుకున్నా వడ్డీ 19,500 దాటుతుంది. రెన్యువల్ వచ్చి, పరీక్షలో రింగులే అరిగాయని తేలితే, ఆ 85,000ను రాబోయే కారు కోసం దాచే 4,700 లోంచే సుమారు ఏడాదిన్నరలో సమకూర్చుకోవచ్చు. అంతవరకు ఆయిల్ కొలత వారం వారం చూసి, తగ్గినంత పోసుకుంటూ నడపండి. రెన్యువల్ తిరస్కరిస్తే వాదనకు దిగకుండా, ప్రభుత్వ అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, కారును అప్పగించినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, కొత్త కారు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీకి అది అవకాశమిస్తుంది. రెన్యువల్ వచ్చి, బోరు పని అవసరం పడకపోతే మాత్రం నెలకు 4,700 చొప్పున నాలుగేళ్లలో వడ్డీ కలపకుండానే 2,25,600 అవుతుంది. అప్పుడు డౌన్‌పేమెంటు అందులోంచి కడతారు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ముట్టుకోవలసిన అవసరం రాదు.