విజయవాడ ఉక్కలో గొర్రెతోలు నిలుస్తుందా?

మెల్‌బోర్న్‌లో ఉన్న మీ తమ్ముడు పంపుతానంటున్న గొర్రెతోలు తివాచీ విజయవాడ వాతావరణాన్ని తట్టుకుంటుందా, అలాంటిదే ఇక్కడ ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మేలా, ఆరు నెలల పాప ఉన్న ఇంట్లో దాన్ని ఎలా వాడాలి అని అడిగారు. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన మా అత్తగారి కోసం తెప్పించిన గొర్రెతోలును పటమటలోని మా ఇంట్లో ఇప్పటికీ వాడుతున్నాము. తట్టుకుంటుంది, కాని నేల మీద పరిచే ఆలోచన మానుకోండి.

మన నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, డోర అనే మూడు రకాలకూ ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకలే. దక్కనీ గొర్రెకు ఉన్ని ఉన్నా అది గొంగళికి పనికివచ్చే ముతక ఉన్ని. కాబట్టి ఒత్తుగా, మెత్తగా ఉండే బొచ్చుతోలు మన ప్రాంతపు గొర్రెల నుంచి రాదు, చవకగా దొరికేవి చాలావరకు పాలియెస్టరు సరుకే. బొచ్చును పాయ తీసి కుదుళ్లు చూడండి: అసలుదైతే వెంట్రుకలు చర్మంలోంచి మొలిచి ఉంటాయి, నకిలీదైతే నేత కనిపిస్తుంది. ఇంకా అనుమానముంటే రెండు పోగులు పీకి, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన కమురు వాసన వచ్చి, వేళ్లతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలియెస్టరు కరిగి గట్టిగా ఉండకడుతుంది.

అసలుదని తేలాక అడగవలసిన ప్రశ్న, దాన్ని దేనితో పదును చేశారన్నది, అంటే కుళ్లకుండా ఏ పదార్థంతో శుద్ధి చేశారన్నది. పచ్చితోలు 60-65 డిగ్రీల వేడి నీటిలో ముడుచుకుపోతుంది. తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితో పదును చేసిన తోలు కొంత మెరుగే అయినా పదేపదే ఉతకడానికి పనికిరాదు. రోగుల కోసం ఆస్ట్రేలియాలో తయారుచేసే తోలును గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో పదును చేస్తారు. అది లేత పసుపు రంగులో ఉండి, వేడి నీటి ఉతుకులకు కూడా ఆగుతుంది. అందం మాట ఎలా ఉన్నా, నా ఓటు దానికే. మంచం పట్టినవారిని దాని మీద పడుకోబెడితే పడక పుండ్లు పడడం తగ్గుతుందని అక్కడి ఆసుపత్రుల్లో జరిపిన పరీక్షల్లో తేలింది. అయితే దాని మీద మళ్లీ దుప్పటి బిగించి పరిస్తే ఆ ఉపయోగం పోతుంది.

ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను, తడి తెలియకుండానే పీల్చుకోగలదు. రోగి చెమటను లాగేసే ఈ గుణమే శ్రావణ భాద్రపదాల్లో గాలిలోని చెమ్మను కూడా లాగుతుంది. పైగా మనం రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తాము, ఆ తడి పూర్తిగా ఆరకముందే పరిచిన తోలుకు అడుగున బూజు పట్టక మానదు. కుర్చీ మీదనో, మంచం మీదనో వేసి, వారానికొకసారి దులిపి, కుక్కలకు వాడే తీగపళ్ల బ్రష్షుతో మెల్లగా దువ్వితే చాలు.

ఉతకడానికి సంక్రాంతి తరువాతి పొడి రోజులు అనువైనవి. మామూలు డిటర్జెంట్లలో ఉండే ప్రొటీన్ కరిగించే ఎంజైములు ఉన్నినీ తినేస్తాయి, బ్లీచింగ్ అసలే కూడదు. ఉన్ని బట్టలకు వాడే ద్రవమో, వడకట్టిన కుంకుడుకాయ రసమో గోరువెచ్చని నీటిలో కలిపి వాడండి. పిండకుండా, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన ఆరవేయాలి. అంచులు ముందుగా ఆరి అప్పడంలా బిగుస్తాయి. అప్పుడే, నడుమ ఇంకా చెమ్మగా ఉండగానే, తోలును రెండు చేతులతో అన్ని వైపులకూ సాగదీస్తూ ఉంటే మళ్లీ మెత్తబడుతుంది. మా అత్తగారి కొబ్బరినూనె మరకలకు మాత్రం ఉతుకు అక్కరలేదు, శనగపిండి చల్లి రాత్రంతా ఉంచి, తెల్లవారి దువ్వితే సరి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు కాకుండా పాత నూలు చీరలో, మడత పెట్టకుండా చుట్టండి. వేపాకు వేసినంత మాత్రాన చిమ్మట పురుగు చావదు. కవరులో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. కలరా ఉండలు చంటిబిడ్డ ఉన్న ఇంట్లో వద్దు, ఎర్రరక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పసివాళ్లకు ఆ ఆవిరి రక్తకణాలను చిట్లగొడుతుంది. అలాగే పాపకు ఏడాది నిండేవరకు ఈ తోలు మీద నిద్రపుచ్చకండి. బోర్లాపడితే మెత్తటి బొచ్చులో ముఖం కూరుకుని ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది.