బండికి లిఫ్ట్ వేయించే ముందు: ఎత్తు ఎక్కడ పుడుతోంది?

బండి సంగతులు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా దగ్గర ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉంది. సెలవు రోజుల్లో అనంతగిరి గుట్టల వైపు మట్టిదారుల్లో తిప్పుతాను. ముందువైపు రెండంగుళాలు లేపిద్దామని అడిగితే ఒక షాపులో షాకబ్జర్ పైన స్పేసర్ (ఎత్తు కోసం మధ్యలో పెట్టే బిళ్ల) అన్నారు. ఇంకో షాపులో స్ప్రింగ్ పైన స్పేసర్ అన్నారు. మూడో చోట స్ప్రింగులు, షాకబ్జర్లు సెట్టుగా మార్చాలన్నారు. వచ్చే ఎత్తు ఒకటే కదా, ధరలో అంత తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: నిలబడి ఉన్న బండికి ఎత్తు ఒకటే. చక్రం గుంతలోకి దిగినప్పుడు, రాయెక్కినప్పుడు ఏమవుతుందన్న దగ్గరే మూడూ విడిపోతాయి.

మీ బండికి ముందువైపు, చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకునే డబుల్ విష్‌బోన్. షాకబ్జర్ కింది కొస కింది ఆర్మ్‌కి సుమారు మధ్యలో కూర్చుంటుంది. అందుకే 25 మి.మీ. స్పేసర్ వేస్తే చక్రం దగ్గర దాదాపు 50 మి.మీ. కనబడుతుంది. 50 కావాలని 50 మందం స్పేసర్ కొంటే బండి నాలుగంగుళాలు లేచి కూర్చుంటుంది. ఈ పొరపాటు చేసేవాళ్లు తక్కువేం కాదు.

షాకబ్జర్ పైన స్పేసర్ పెడితే స్ప్రింగుతో సహా మొత్తం 25 మి.మీ. కిందికి జారుతుంది. చక్రం వేలాడినప్పుడు కంపెనీ పెట్టిన హద్దు దాటి మరో రెండంగుళాలు దిగుతుంది. అక్కడ పై బాల్ జాయింట్ ఇరుక్కుంటుంది, పై ఆర్మ్ స్ప్రింగుని తాకుతుంది, సీవీ జాయింట్ (చక్రానికి శక్తి చేర్చే షాఫ్ట్ కీలు) కోణం పెరిగి రబ్బరు బూట్ మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. చక్రం పైకి నొక్కుకున్నప్పుడు ఇంకో ముప్పు: బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు ముక్క) తగలకముందే షాకబ్జర్ లోపల పిస్టన్ అడుగుకి కొట్టుకుంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద లోహపు చప్పుడు వినబడితే సాధారణంగా కారణం ఇదే.

స్ప్రింగ్ పైన వేసే స్పేసర్‌లో షాకబ్జర్ పొడవు మారదు కాబట్టి చక్రం పాత హద్దు దాటదు. కానీ బండి ఇప్పటికే రెండంగుళాలు పైన ఉంది. కిందికి జారే చోటు అంతమేర తగ్గిపోయిందన్నమాట. గుంత వచ్చినప్పుడల్లా షాకబ్జర్ చివరిదాకా సాగి టక్కున ఆగుతుంది. ‘స్ప్రింగ్ గట్టిపడింది’ అని మెకానిక్ చెబితే నమ్మకండి, స్ప్రింగ్ గట్టిదనం రవ్వంత కూడా మారలేదు.

పొడవు స్ప్రింగు, దానికి సరిపడా పొడవున్న షాకబ్జర్ కలిపి వేస్తే పైకీ కిందికీ చోటు మిగులుతుంది. మీ వాడకానికి నేను చెప్పేది ఇదే, అదీ 40 నుంచి 50 మి.మీ. లోపు. ముందు బుల్ బార్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) ఉంటే ఆ బరువు చెప్పి స్ప్రింగు ఎంచుకోండి. అలా చేయకపోతే కొన్నాళ్లకే ముక్కు వాలిపోతుంది.

50 దాటితే పై ఆర్మ్‌లు మార్చక తప్పదు. చక్రం కిందికి జారినకొద్దీ కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో స్టీరింగ్ తేలిపోవడం, మలుపు తర్వాత తనంతట తాను నిటారుకి రాకపోవడం దీని గుర్తులు. కంపెనీ క్యామ్ బోల్టులు ఎంత తిప్పినా అలైన్‌మెంట్‌లో ఆ లోటు పూర్తిగా పూడకపోవచ్చు. నాలుగంగుళాలు, ఆపైన అంటే ఆర్మ్‌ల కీళ్లనూ డిఫరెన్షియల్‌నూ కిందికి దించే బ్రాకెట్ కిట్ కావాలి. అది కోణాలు కాపాడుతుంది కానీ క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డ దూలం) కూడా కిందికొస్తుంది. బాడీ లేచినంతగా అడుగు ఖాళీ పెరగదు.

బిగింపులో ఒక్క మాట. కింది ఆర్మ్ బోల్టులు చక్రాలు నేలమీద ఉన్నప్పుడే ఫైనల్ బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగి, కొద్ది నెలల్లోనే చీలిపోతుంది. పని అయ్యాక చాసిస్‌కి జాకీ పెట్టి చక్రం వేలాడదీసి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు బిగుసుకోకూడదు. ఎత్తు కొలిచేది హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచుకి. నేల నుంచి కొలిస్తే టైర్లలో గాలి లెక్క తప్పిస్తుంది.

ప్రశ్న: వెనక కమాన్ పట్టీల వైపు ఎత్తు పెంచడానికి ఏది మంచిది? ఆటోనగర్‌లో దిమ్మ పెట్టి యూ బోల్టు బిగిస్తామంటున్నారు. శామీర్‌పేట తోటకి ఎరువుల బస్తాలు కూడా వేసుకెళ్తాను.
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: మీకు దిమ్మ వద్దు, అదనపు పట్టీ వేయించుకోండి. బరువు తరచూ వేస్తారు కాబట్టి ఆ గట్టిదనం పనికొస్తుంది. ఖాళీగా తిరిగే బండికైతే వెనక ఎగురుతుంది.

దిమ్మతో చిక్కేమిటంటే, కమానుకీ యాక్సిల్‌కీ మధ్య దూరం పెరుగుతుంది. ఎక్సలరేటర్ తొక్కగానే యాక్సిల్ మెలితిరగబోతుంది, ఆ దూరం దానికి మీటలా పనిచేస్తుంది. కమాను ఎస్ ఆకారంలో వంగుతుంది. ఒకే ముక్కగా ఉన్న చిన్న దిమ్మైతే కొంత నయం. దిమ్మ మీద దిమ్మ పేర్చనివ్వకండి. షాకిల్ (కమాను కొసని చాసిస్‌కి కలిపే ఊగే ముక్క) పొడిగిస్తే పొడిగించిన దాంట్లో సగమే ఎత్తు వస్తుంది: 50 మి.మీ.కి 25. పైగా పినియన్ ముక్కు (డిఫరెన్షియల్‌కి షాఫ్ట్ వచ్చి కలిసే కొస) పైకి తిరుగుతుంది.

పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు. ఒకసారి సాగాక వాటి పట్టు పోతుంది. కొత్తవి సరైన పొడవులో తెచ్చి, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించి, 500 కి.మీ. తర్వాత మళ్లీ చూడండి. వెనక యాక్సిల్‌కి రాడ్డుతో కలిపిన బ్రేక్ వాల్వు మీ బండిలో ఉందేమో చూసుకోండి. బండి లేస్తే అది ‘లోడు లేదు’ అనుకుని వెనక బ్రేక్ ఒత్తిడి తగ్గిస్తుంది. దాని బ్రాకెట్ కూడా లేచినమేర సర్దాలి.

ప్రశ్న: లిఫ్ట్ తర్వాత 60-80 వేగంలో అడుగున వణుకు. టైర్లు బ్యాలెన్స్ చేయించినా పోలేదు.
– ఒక పాఠకుడు, నాగోల్

జవాబు: ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌కి శక్తి చేర్చే పొడవాటి గొట్టం) కోణం. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండిలో మొదట ఆ ముక్కలు కలిసే చోట ఉండే సెంటర్ బేరింగ్ చూడండి. దానికీ చాసిస్‌కీ మధ్య చిన్న స్పేసర్ వేసి దించితే చాలాసార్లు పోతుంది. పోకపోతే కమానుకీ యాక్సిల్‌కీ మధ్య వాలు ముక్క పెట్టి పినియన్ కోణం సరిచేయాలి. దిమ్మను గ్రైండర్‌తో అరగదీసి కోణం తెస్తామంటే ఒప్పుకోవద్దు.

ప్రశ్న: రెండంగుళాలు లేపినా వెనక డిఫరెన్షియల్ రాళ్లకి తగులుతూనే ఉంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, గండిపేట

జవాబు: ఎందుకంటే అది లేవలేదు. డిఫరెన్షియల్ ఉండేది యాక్సిల్‌లో, యాక్సిల్ ఉండేది చక్రాల మీద. దాన్ని లేపేది టైరొక్కటే. 255/60 ఆర్18 టైరు ఎత్తు సుమారు 763 మి.మీ., 265/70 ఆర్17 ఎత్తు 803. తేడాలో సగం, అంటే 20 మి.మీ. ఖాళీ పెరుగుతుంది. దానికి 17 అంగుళాల రిమ్ములు కావాలి, అవి ముందు బ్రేక్ క్యాలిపర్‌కి తగలకుండా కూర్చుంటాయో లేదో కొనకముందే పెట్టి చూడండి. స్పీడోమీటర్ 100 చూపినప్పుడు అసలు వేగం 105 దగ్గర ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: లిఫ్ట్ చట్టబద్ధమేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కిట్ కొనకముందే మీ ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకి కూడా అలాగే తెలియజేయండి.