బంతి అరగంట గాల్లోనే ఉంటే ఎలా?

పోయిన నెల ఈ శీర్షికలో వేరే ఎవరికో జవాబు చెబుతూ, ఊరికే ఒక మాట జారాను. యాక్షన్ యానిమే (జపాన్‌వాళ్ళ బొమ్మల సిరీస్‌లు) చూసి చూసి విసుగొచ్చింది గానీ ఆటల మీద వచ్చే సిరీస్‌లు మాత్రం ఇప్పటికీ నిద్ర చెడగొట్టుకుని చూస్తానని. అంతే, భీమిలి నుంచి గాజువాక దాకా ఉత్తరాలే. సగం ప్రశ్నలు, సగం తిట్లు. ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు.

బాబాయ్, నేను ఇంటర్ సెకండియర్. 'హైక్యూ' అనే వాలీబాల్ సిరీస్ మూడో సీజన్ చూస్తుంటే మా అమ్మ వెనకాల నిలబడి "తాళింపు పెట్టి వచ్చేసరికి కూడా ఆ బంతి ఇంకా కింద పడలేదేటిరా" అంది. నిజమే, పడలేదు. కానీ నాకు బోర్ కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో అమ్మకి చెప్పలేకపోయాను.
– ఎంవీపీ కాలనీ

అమ్మ అన్నదాంట్లో అబద్ధమేం లేదు. ఆ సీజన్ మొత్తం పది ఎపిసోడ్లు, పదింటిలోనూ ఒకటే మ్యాచ్, హీరోల స్కూలు కరాసునోకీ, అవతలి స్కూలు షిరతోరిజావాకీ. అయితే అమ్మనొక మాట అడుగు. రెండు సేనలు ఎదురెదురుగా నిలబడి ఉంటే మధ్యలో రథం ఆపించి పద్దెనిమిది అధ్యాయాల గీత చెప్పాడు కదా కృష్ణుడు, అప్పుడు కౌరవులేం చేస్తున్నారని ఎవరైనా అడిగారా? రాయబారం సీనులో పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే మా నాన్న తరం వాళ్ళు వన్స్‌మోర్ కొట్టేవారు గానీ గడియారం చూసేవారు కాదు. ఆ సాగదీతలో ఏదో ఒకటి తేలుతుండాలి, అంతే. తేలకపోతే మాత్రం సాగదీతే. 'డ్రాగన్ బాల్ జీ'లో గ్రహం అయిదు నిమిషాల్లో పేలిపోతుందని విలన్ ఫ్రీజా అన్నాక ఆ అయిదు నిమిషాలు ఎన్ని ఎపిసోడ్లు నడిచాయో చూసినవాళ్ళకి తెలుసు. దానికి కారణం కథలో లేదు. అప్పట్లో పత్రికలో మాంగా, అంటే ఆ బొమ్మల కథ, వారం వారం వచ్చేది, టీవీలో యానిమే కూడా వారం వారం వచ్చేది. టీవీవాళ్ళు మాంగాని అందుకుంటే చూపించడానికి ఏమీ మిగలదు కాబట్టి ఇద్దరు మనుషులు ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటూ నిలబడేవారు.

ఇప్పుడు నీ మ్యాచ్‌కి వద్దాం. కరాసునోలో సుకిషిమా అని కళ్ళజోడు కుర్రాడున్నాడు కదా, పొడుగ్గా, మొహాన ఎప్పుడూ ఒక వెటకారం. స్కూల్లో ఆడే ఆటే కదా, దీనికింత అవసరమా అనే రకం. వాడలా ఎందుకయ్యాడో ముందే చూపించారు. వాళ్ళ అన్న టీములో తనే మెయిన్ ప్లేయర్నని ఇంట్లో చెప్పుకుంటే, వీడు మురిసిపోతూ మ్యాచ్‌కి వెళ్ళి అన్నని కోర్టులో వెతికితే, అన్న ప్రేక్షకుల్లో నిలబడి టీముకి కేకలేస్తున్నాడు. అలాంటివాడు రెండో సెట్ అంతా అవతలి టీములో ఉషిజిమా అనే ఎడమచేతి వాటం కొట్టుడుగాడి మీద కాదు, వాడికి బంతి లేపే సెట్టర్ మీద పని చేస్తాడు. ఆలస్యంగా ఎగురుతాడు, చెయ్యి తగిలిస్తాడు, సెట్టర్‌కి చిరాకు తెప్పిస్తాడు. సెట్ చివర్లో ఆ సెట్టర్ లేపిన బంతి ఒక్కసారి, కొంచెం, అటూ ఇటూ అయింది. ఆ ఒక్క బంతి కోసమే ఇంతసేపూ కాచుకున్నాడు. ఆపేశాడు. ఆపి పిడికిలి బిగించి అరిచాడు, ఎప్పుడూ అరవనివాడు. బంతి గాల్లో ఉన్నంతసేపూ మనం చూసేది బంతిని కాదు, వాడు మారడాన్ని.

ఇంకొకటి. మీ అమ్మ ఎప్పుడైనా వాలీబాల్ సర్వీస్ తీసుకుందో లేదో అడుగు. మేం సముద్రపు గాలి తగిలే గ్రౌండులో ఆడేవాళ్ళం. అవతలివాడు తిప్పకుండా కొట్టిన సర్వీస్ వస్తూ వస్తూ దారిలో ఊగుతుంది. కుడికి వస్తుందనుకుని కదిలితే ఎడమకి దిగుతుంది. గడియారంలో అది ఒక సెకను. మనకి మాత్రం ఆ సెకన్లో మోకాళ్ళు వంచడం, చేతులు కలపడం, పొద్దున ఇదే బంతి వదిలేసి తిట్లు తిన్న సంగతి, అన్నీ తిరిగేస్తాయి. తర్వాత ముంజేతులు ఎర్రగా కంది, రాత్రి అన్నం కలుపుతుంటే మండేవి.

'వన్ పంచ్ మ్యాన్' మొదటి సీజన్ పిచ్చెక్కించింది. రెండోది చూసి పడుకున్నాను. ఫుట్‌బాల్ సిరీస్ 'బ్లూ లాక్' రెండో సీజన్‌లో అయితే మనుషులు పరిగెత్తడం మానేసి జారుతున్నారు, క్యారమ్ కాయిన్లలాగ. మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తున్నారా?
– వెల్డింగ్ పని, గాజువాక

క్యారమ్ కాయిన్లు బాగుంది, వాడుకుంటాను.

వెర్రివాళ్ళని చెయ్యడం కాదు గానీ సంగతి చెబుతాను. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెట్టినా సెకనుకి ఎనిమిదో పన్నెండో బొమ్మలు గీయాలి. అందులో బట్టలు కదలాలి, జుట్టు కదలాలి, ఫుట్‌బాల్ అయితే ఇరవై రెండు మందీ కదలాలి. టైము లేకపోతే ఒక మంచి బొమ్మ గీసి, దాన్ని పక్కకి జరిపి, వెనక గీతలు పరిగెత్తిస్తారు. అదే నువ్వు చూసిన జారుడు. 'వన్ పంచ్ మ్యాన్' 2015లో మ్యాడ్‌హౌస్ స్టూడియో చేసింది, డైరెక్టర్ నత్సుమే షింగో. ఆయన మీద నమ్మకంతో మంచి చెయ్యి ఉన్న యానిమేటర్లు చాలామంది వచ్చి పనిచేశారు. 2019లో రెండో సీజన్‌కి స్టూడియో మారింది, డైరెక్టర్ మారాడు, ఆ చేతులూ లేవు. సిరీస్ పేరు ఒకటే కదా అని చూస్తాం మనం, వండినవాళ్ళు వేరు. నీకు తెలియనిదా, ఒకే డ్రాయింగు ఇద్దరు వెల్డర్లకిస్తే అతుకు ఒకేలా ఉంటుందా.

అయితే బొమ్మ బాగోలేకపోవడం ఒక్కటే జబ్బు అనుకోకు. 2014లో టేబుల్ టెన్నిస్ మీద 'పింగ్ పాంగ్' అని పదకొండు ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది, యువాసా మసాఆకి తీసింది. గీతలు వంకర, మొహాలు వంకర, మొదటి ఎపిసోడ్ చూసి మా అబ్బాయి ఫోను నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. నేను కూర్చున్నాను. చైనా నుంచి జపాన్‌కి వచ్చి ఆడుకుంటున్న కాంగ్ అనే కుర్రాడున్నాడు అందులో, మామూలుగా అయితే వాడు విలన్. ఇక్కడ వాడు ఓడిపోయాక కూడా కెమెరా వాడిని వదల్లేదు. క్రిస్మస్ రాత్రి టీములో పిల్లలతో కలిసి పాట పాడుతుంటాడు. ఆ ఎపిసోడ్ తర్వాత నాకు వంకర గీతలు కనబడలేదు. 'బ్లూ లాక్' సంగతంటావా, మూడొందల మంది స్ట్రైకర్లని ఒక బిల్డింగులో పెట్టి ఒక్కడు మిగిలేదాకా కొట్టుకోమనడం మంచి ఆలోచనే, మొదటి సీజన్ నేనూ ఊపిరి బిగబట్టి చూశాను. గోల్ కొట్టిన ప్రతివాడూ కళ్ళలోంచి మంటలు పెట్టుకుని తన గొప్ప తానే చెప్పుకోవడం మాత్రం ఇరవై ఎపిసోడ్లకి నాకు చాలు.

బాబాయ్ గారూ, మా అబ్బాయి 'ది ఫస్ట్ స్లామ్ డంక్' చూసి ఏడ్చాడు. పదమూడేళ్ళవాడు, దెబ్బ తగిలినా ఏడవడు. నాకు బాస్కెట్‌బాల్ తెలీదు. వాడితో కూర్చుని చూస్తే నాకు అర్థమవుతుందా?
– ఒక అమ్మ, మధురవాడ

చూడండమ్మా, తప్పకుండా చూడండి. బుట్టలో పడితే పాయింటు, అంతకు మించి తెలియక్కర్లేదు.

'స్లామ్ డంక్' మాంగా ఇనోఉవే తకెహికో 1990 నుంచి 1996 దాకా గీశారు. టీవీలో 101 ఎపిసోడ్లు వచ్చి, అసలైన జాతీయ పోటీలు మొదలవకుండానే 1996లో ఆగిపోయింది. అభిమానులు ఇరవై ఆరేళ్ళు ఆగారు. 2022 డిసెంబర్లో సినిమా వచ్చింది, దర్శకత్వం ఆయనే, ఆ మిగిలిపోయిన జాతీయ పోటీల్లో సన్నో అనే టీముతో మ్యాచే. మన దేశంలో 2023లో హాళ్ళకి వచ్చింది. అందరూ ఎర్రజుట్టు హీరో సకురగి కథ అనుకుని వెళ్తే ఆయన కథని మియాగి అనే పొట్టి కుర్రాడి చేతిలో పెట్టారు.

మియాగిది ఒకినావా, సముద్రం ఒడ్డు. బాస్కెట్‌బాల్ నేర్పించిన అన్న ఒకరోజు పడవ మీద చేపల వేటకి వెళ్ళాడు, తిరిగి రాలేదు. మన ఫిషింగ్ హార్బర్ దగ్గర పెరిగినవాళ్ళకి ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాది నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో తల్లి ఏమీ మాట్లాడదు, కొడుకూ మాట్లాడడు. చిన్నవాడిలో పోయినవాడు కనబడుతుంటాడు ఆవిడకి. ఆటలో ఒక్కో పాస్‌కీ ఇంటి కథ కొంచెం కొంచెం విడుతూ వస్తుంది. ఆఖరి సెకన్లలో శబ్దం దాదాపు తీసేశారు. హాల్లో నా వెనక సీటు కుర్రాడు పాప్‌కార్న్ నమలడం ఆపేశాడు, అది కూడా తెలిసింది నాకు.

చూశాక మీ అబ్బాయిని ఎందుకేడ్చావని అడక్కండి. మీరూ ఏడుస్తారు కాబట్టి అడిగే అవసరం రాదనుకోండి.

హీరో చావుదెబ్బలు తింటాడు, ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, లేచి ఒక్క గుద్దుతో గెలుస్తాడు. ప్రతి యాక్షన్ యానిమే ఇంతేనా?
– అక్కయ్యపాలెం

మన సినిమాల్లో అమ్మ ఫోటో కింద పడగానే హీరో లేస్తే విజిల్ వేసే ఊరు మనది, జపాన్‌వాళ్ళని అంటే ఎలా తమ్ముడూ.

కానీ నువ్వడిగింది సరైనదే. బలం ఎక్కడినుంచి వచ్చిందో, దానికి ఏం పోయిందో చెప్పకపోతే ఆ గెలుపు మనకి అంటదు. నా లెక్కలో 'నరుటో' మొత్తానికీ గొప్ప ఫైట్ రాక్ లీ, గారాలది. లీకి మంత్రాలు రావు, తంత్రాలు రావు, ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్న కాళ్ళూ చేతులే. కాళ్ళకి కట్టుకున్న బరువులు విప్పి కింద పడేస్తే నేల దద్దరిల్లి దుమ్ము లేస్తుంది. ఇన్నాళ్ళూ వీడు ఇది మోస్తూ ఆడాడా అని మనకి అప్పుడు తెలుస్తుంది. తర్వాత తన ఒంటినే పాడుచేసే విద్య వాడతాడు. అంతా చేసి ఓడిపోతాడు! ఒక చెయ్యి, ఒక కాలు నుజ్జు. స్పృహ లేకుండానే లేచి నిలబడతాడు. అప్పటినుంచి ఆ సిరీస్‌లో ఎవరైనా ఓడిపోవచ్చు అనే టెన్షన్ వచ్చింది నాకు. తర్వాత్తర్వాత ఎవరూ ఓడిపోరని తేలిపోయింది, టెన్షనూ పోయింది.

ఫ్లాష్‌బ్యాక్‌ని మాత్రం తిట్టకు. 2025 సెప్టెంబర్లో 'డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగులో కూడా వచ్చిందిగా, ఫైట్ మధ్యలో రాక్షసుడు అకాజా గతం అంతసేపు ఎందుకని చాలామంది గోల. నాకైతే సినిమాలో మిగిలింది అదే. కత్తులు తళతళలాడటం రెండు గంటలు చూశాక కళ్ళు అలిసిపోతాయి.

క్రికెట్ మీద యానిమే ఎందుకు రాలేదు?
– పీఎం పాలెం

వచ్చింది. జపాన్‌వాళ్ళ ఆట బేస్‌బాల్ కాబట్టి వాళ్ళు దాని మీద తీసుకున్నారు. 1968లో టీవీకి వచ్చిన 'క్యోజిన్ నో హోషి' వాళ్ళకి పాత క్లాసిక్, దాన్నే క్రికెట్‌గా మార్చి 'సూరజ్: ది రైజింగ్ స్టార్' అని 2012లో కలర్స్ చానెల్లో వేశారు. ఎవరూ పెద్దగా చూడలేదు. 2005 ఏప్రిల్ 5న మీ పక్కనే ఉన్న స్టేడియంలో జుట్టు పెంచుకున్న ఒక కుర్రాడు పాకిస్తాన్ మీద 148 కొట్టాడు, అది కళ్ళారా చూసిన ఊరికి బొమ్మల క్రికెట్ ఏం ఆనుతుంది?

'హైక్యూ' మొదటి సీజన్‌లో మొదటి రౌండులోనే ఓడిపోయే టీములని కూడా అంతసేపు చూపించారు. వాళ్ళు మళ్ళీ కథలోకి రారు కదా, టైం వేస్ట్ కాదా?
– పెందుర్తి

కాదు. మనలో ఎక్కువమంది ఆ టీమే.

నేను కాలేజీకి ఆడిన రోజుల్లో సెట్టుకి 15 పాయింట్లు, సర్వీస్ మనదైతేనే పాయింటు. లిబెరో అనే పొజిషన్, అంటే వెనక నిలబడి బంతులు తీయడానికే ఉండేవాడు, అప్పటికింకా లేదు, 1998లో వచ్చింది. అయిదడుగుల నాలుగంగుళాలవాణ్ణి, బంతి తీయడం తప్ప ఇంకేం రానివాణ్ణి. 'హైక్యూ'లో లిబెరో నిషినోయా నేల మీద పాకుతూ బంతి లేపుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది అందుకే. నాలుగేళ్ళ తర్వాత పుట్టి ఉంటే ఏమో! మా సారు నన్ను ప్రతి మ్యాచ్‌కీ తీసుకెళ్ళేవారు, బెంచీ మీద కూర్చోబెట్టేవారు. పెద్ద టోర్నమెంటు ఒకటి వచ్చింది, మొదటి రౌండు, వరసగా రెండు సెట్లు పోయాయి. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. రెండో సెట్లో 11-4 దగ్గర సారు నావైపు చూశారు, నేను షూ లేసులు బిగించుకుని లేచి నిలబడ్డాను, ఆయన నా వెనకున్నవాణ్ణి రమ్మన్నారు. సిటీ బస్సులో బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని వచ్చాం, ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఎన్ని కొట్టావురా అనడిగింది.

రెండు, అన్నాను.