అమ్మలూ, ముందు కిలో పండుమిరపకాయ కొను

అమ్మలూ,

పచ్చళ్ల వ్యాపారం గురించి నువ్వింకా ఆలోచిస్తూనే ఉన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దసరాకి గుంటూరు బ్రాడీపేట వచ్చినప్పుడూ అదే మాట. అప్పుడు పేరు దగ్గర ఆగావు, ఇప్పుడు లోగో దగ్గర ఆగావట. పెద్దమ్మ సాధిస్తోందనుకోకు. ఇన్నేళ్లు జాడీలతో కాపురం చేసినదాన్ని, నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

నీది బద్ధకం కాదని నాకు తెలుసు. రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని సీసాల ధరలు, కొరియర్ చార్జీలు, పక్కవాళ్ల రేట్లు అన్నీ ఎక్సెల్లో ఎక్కిస్తున్నావట. చిక్కంతా అక్కడే ఉంది. అది చూడ్డానికి పనిలాగే ఉంటుంది. ఒళ్లు అలుస్తుంది, ఇవాళ ఏదో చేశామన్న తృప్తి కూడా ఉంటుంది, ఇంట్లో పచ్చడి మాత్రం ఉండదు.

నీ సందేహాలన్నీ ఒక కాయితం మీద రాయి. షాపు అద్దెకి తీసుకోవాలా, ముద్రా లోను పెట్టాలా లాంటివాటికి నెలలు పట్టినా తప్పులేదు. అడ్వాన్సు ఇచ్చేశాక వెనక్కి రావడం కష్టం కదా. కానీ కారం ఎక్కువవుతుందా, నెల తిరిగేసరికి రంగు మారుతుందా, నా చేతి పచ్చడి ఎవరైనా కొంటారా అన్నవి ఎంత తల బద్దలుకొట్టుకున్నా తేలవు. వాటికి జాడీ పెట్టి చూడాల్సిందే. కిలో పాడైతే కిలోయే పోతుంది.

పైగా పండుమిరప నీకోసం ఆగదు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాటేదాకా దొరికినంత మంచి కాయ ఆ తర్వాత దొరకదు. ఎండలు ముదిరాయంటే కాయంతా కల్లాల్లో ఎండి మా మిర్చి యార్డుకి బస్తాల్లో పోయేదే. కాబట్టి ఈ ఆదివారం పొద్దున ఆరింటికల్లా పటమట రైతుబజారుకి పో. ‘వీలు చూసుకుని’ అనకు. ఫలానా వేళకి ఫలానా చోట ఇది చేస్తానని ముందే అనుకున్నవాళ్లే ఎక్కువగా చేస్తారని గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాశాడట, మీ పెదనాన్న చెప్పారు. ఆయనకి ఇలాంటివన్నీ తెలుసు, కూరగాయలు మాత్రం నేనే తేవాలి.

కాయల్ని తొడిమలతోనే కడుగు. ముందే తీశావంటే నీళ్లు లోపలికి పోయి బూజు పడుతుంది. గుడ్డతో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టి, చెమ్మ పూర్తిగా పోయాక తొడిమలు తీయి. కిలోకి పావుకిలో చింతపండు, కల్లుప్పు అంతకంటే కాస్త తక్కువ, చిటికెడు పసుపు. ఉప్పూ పసుపూ వేసి కచ్చాపచ్చాగా తొక్కి, గింజా ఈనె తీసిన చింతపండు మధ్యలో పెట్టి జాడీకి ఎత్తు. మూడోనాడు తీసి మెత్తగా నూరి మెంతిపిండి కలుపు. తడి చెయ్యి పెట్టావో, అంతే సంగతులు.

ఆ మూడు రోజులూ ఖాళీగా కూర్చుంటే మళ్లీ లోగో గుర్తొస్తుంది. అప్పుడే ఆన్‌లైన్లో ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టెయ్. చిన్న వ్యాపారులకి ఏడాదికి 100 రూపాయలే. ఆ 14 అంకెల నంబరు, తయారుచేసిన తేదీ, బరువు, ఏమేం వేశావన్నది సీసా మీద ఉండాలి. చేత్తో రాసి అంటించినా సరే, పేరు తర్వాత చూసుకుందువుగాని.

నంబరు వచ్చాక మీ అపార్ట్‌మెంట్‌లోనే అమ్ము. ఊరికే మాత్రం ఇవ్వకు. ఊరికే ఇస్తే అందరూ బ్రహ్మాండం అంటారు, ఆ మాటకి విలువ లేదు. డబ్బు తీసుకుని ఇచ్చి, రెండో సీసా అడిగారా లేదా అన్నది చూడు. అడగనివాళ్లనే ఎందుకని అడుగు, మొహమాటపడకు. ఈలోగా మీ అత్తగారినీ ఆఫీసు స్నేహితుల్నీ సలహాలు అడగడం మానెయ్. పదిమందిని అడిగితే పది దార్లు చెబుతారు, నువ్వు మళ్లీ ఎక్సెల్ తెరుస్తావు.

నా పాత పింగాణీ జాడీ, అదే రెండు కిలోలు పట్టేది, శనివారం మీ పెదనాన్న విజయవాడ వస్తూ తెచ్చి ఇస్తారు. మూత కొంచెం వదులు, పైన గుడ్డ కట్టు. బుధవారం రాత్రి ఫోన్ చేస్తా, ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసి ఉంచు. లోగో సంగతి ఎత్తావంటే ఫోన్ పెట్టేస్తా.

మీ పెద్దమ్మ