మెషిన్ వచ్చాక ఎవరికి ఏ డ్యూటీ వేయాలి?

మీ పోస్టాఫీసుకు రెండు సెల్ఫ్ సర్వీస్ మెషిన్లు (జనమే పార్శిల్ తూచి, డబ్బు కట్టి, లేబుల్ తీసుకుని డ్రాప్ బాక్సులో వేసేవి) వస్తున్నాయి, ఉన్న ఐదుగురు క్లర్కుల్లో ఎవరిని అక్కడ వేయాలి, ఒక కౌంటర్ మూసేయొచ్చా అని అడిగారు. కౌంటర్ మాత్రం అప్పుడే మూయకండి. నేను ఆ తప్పు చేశాను.

నేను కౌంటర్ల ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు మాకూ మెషిన్ వచ్చింది. నెల తిరిగేసరికి కౌంటర్ లావాదేవీలు బాగా తగ్గినట్టు రిపోర్టులో కనిపించింది. పైనుంచి ఒత్తిడి రావడంతో ఒక క్లర్కును సార్టింగ్‌కు పంపేశాను. మర్నాటి నుంచి క్యూ గుమ్మం దాటింది. ఎందుకో రెండు రోజులు కౌంటర్ వెనక కూర్చుంటే గానీ నాకు అర్థం కాలేదు. స్టాంపులు, మామూలు పార్శిళ్లు, అంటే చిటికెలో తెమిలే పనులన్నీ మెషిన్‌కు వెళ్లిపోయాయి. మాకు మిగిలినవి విదేశీ పార్శిళ్ల కస్టమ్స్ ఫారాలు, చేరని ఉత్తరాల ఫిర్యాదులు, సగం చిరునామాతో వచ్చేవాళ్లు. నగదు ఇచ్చేవాళ్లు సరేసరి, మా మెషిన్ కార్డులే తీసుకునేది. 2004లో అమెరికా తపాలా సంస్థ పెట్టిన మెషిన్లూ కార్డులే తీసుకునేవి. అందుకే ఎన్ని లావాదేవీలు అని కాదు, ఒక్కో పనికి ఎంతసేపు పడుతోందో చూసి డ్యూటీలు వేయండి. రెండు వారాలు నోటుబుక్‌లో రాసి ఉంచుకుంటే పైవాళ్లు అడిగినప్పుడు చూపించవచ్చు.

ఇక మెషిన్ సంగతి. "ఖాళీగా ఉన్నవాళ్లు చూసుకుంటారులే" అనే మాట అసలు రానివ్వకండి. మొదటి వారం ఆ మాట మీదే నడిపాం. ఒకరోజు సాయంత్రం డ్రాప్ బాక్సు తలుపు ఇరుక్కుపోయింది. బలంగా లాగి చూస్తే నిండా పార్శిళ్లు, అన్నిటి మీదా ఆ రోజు తేదీయే. మెయిల్ బండి అప్పటికే వెళ్లిపోయింది. అందులో ఒక కవరు పరీక్ష దరఖాస్తు, మర్నాడే గడువు. ఆ అమ్మాయి రసీదు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ ఆ ముఖం గుర్తొస్తుంది.

ఆ తర్వాత మెషిన్ డ్యూటీని మనిషి పేరు పెట్టి రోస్టర్‌లో రాశాం. పొద్దున్నే లేబుల్ రోల్ చూడటం, పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు తూకం సున్నా చూపిస్తోందో లేదో చూడటం, బ్యాగు కట్టడానికి అరగంట ముందు బాక్సు ఖాళీ చేయడం, డబ్బు కట్ అయినా లేబుల్ రాని కేసులు రిజిస్టర్‌లో ఎక్కించడం. పార్శిల్‌లో ఏముందని నోటితో అడగడం కూడా ఆ డ్యూటీలోదే. స్క్రీన్ అడుగుతుంది, కానీ జనం చదవకుండా నొక్కేస్తారు. అలా అడిగితేనే పవర్ బ్యాంకులు బయటపడ్డాయి.

నిలబడే డ్యూటీ కాబట్టి రెండు గంటలకోసారి మనిషిని మార్చండి. కొత్తగా చేరినవాళ్ల మీదకే తోసేయకండి. మా దగ్గర దీనికి బాగా కుదిరింది అందరికన్నా సీనియర్ మేడమ్. పెద్దవాళ్లు వస్తే తను స్క్రీన్ ముట్టుకునేది కాదు. పక్కన నిలబడి "ఆ పచ్చ బటన్ నొక్కండి బాబాయ్ గారూ" అనేది, పిన్ కొట్టేటప్పుడు ముఖం అటు తిప్పుకునేది. మూడోసారి వచ్చేసరికి వాళ్లే చేసుకునేవారు.

ఇంకొక్క మాట. క్యాష్ చూసే క్లర్కును "ఒక్క నిమిషం మెషిన్ దగ్గరకు రా" అని పిలవకండి. సాయంత్రం లెక్కలో తేడా వస్తే జేబులోంచి కట్టాల్సింది ఆ మనిషే.