పండుగ ముందు రోజే బయలుదేరండి

మీ ప్రశ్న చదవగానే నా పెళ్ళైన కొత్తలో రోజులు కళ్ళ ముందు మెదిలాయి. మీది పలాస, మీ ఆవిడది ఒడిశాలోని ఛత్రపురం, ఇద్దరికీ ఉద్యోగం దాని పక్కనే బరంపురంలో. సెలవులేమో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పండుగ వస్తే ఎవరి ఇంటికి వెళ్ళాలన్న దాని మీద రెండిళ్ళలోనూ అలకలు. పైగా ఈ సముద్ర తీరమంతా తిరిగి చూడాలని మీ ఇద్దరికీ కోరిక. ఇవన్నీ ఎలా కుదుర్చుకోవాలని అడిగారు. నేను బరంపురం కోడలినై ఇరవై రెండేళ్ళు దాటింది. మా అత్తవారిది నేతపని చేసిన కుటుంబం. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర, ఉద్దానంలో. అంటే మీరు తిరగబోయే దారిలోనే మేమూ ఇన్నేళ్ళూ తిరుగుతున్నాం.

ముందుగా ఒక మాట. పండుగలను సగం సగం పంచుకోకండి. మేము ఆ పని చేసి చూశాం. పెద్ద పండుగ మా పుట్టింట్లో, దసరా అత్తవారింట్లో, ఉగాది ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు అని కాగితం మీద రాసుకున్నాం. మూడేళ్ళు అలాగే నడిపాం. పండుగనాడు పొద్దున్నే పాసింజరు ఎక్కి మధ్యాహ్నానికి చేరడం, కొత్త బట్టలతోనే భోజనానికి కూర్చోవడం, సాయంత్రం బండికి వెనక్కి రావడం. మూడో ఏడు మేము బయలుదేరుతుంటే అమ్మ డబ్బాలో అరిసెలు సర్దుతూ, "చుట్టాల్లా వచ్చారు, చుట్టాల్లాగే వెళ్తున్నారు" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

ఆ తర్వాతి సంవత్సరం నుంచి పద్ధతి మార్చాం. పండుగనాడు ఎక్కడున్నామన్నది వదిలేసి, పండుగకు ముందు రోజు ఎక్కడ ఉండాలన్నది చూసుకోవడం మొదలుపెట్టాం. పని ఆ రోజునే ఉంటుంది. భోగికి ముందు రోజు మా పుట్టింట్లో అరిసెలు వండుతారు. తడి బియ్యప్పిండి జల్లిస్తుండగానే బెల్లం పాకం పొయ్యి మీద ఉంటుంది. అమ్మ పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి, గరిటెతో ఒక్క చుక్క పాకం అందులో వేసి, వేళ్ళతో చేరదీసి చూస్తుంది. అది మెత్తటి ఉండలా నిలిస్తే సరే, నీళ్ళలో జారిపోతే ఇంకాస్త ఆగాలి. ఆ క్షణంలో పిండి పోసేవాళ్ళొకరు, కలిపేవాళ్ళొకరు, ఇద్దరి చేతులూ కావాలి. కలిపే పని మా ఆయనకు పడింది. తరువాత నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కడం కూడా ఆయనే నేర్చుకున్నారు. ఆ రాత్రి మా నాన్న మొదటిసారి ఆయనను "మీరు" అనడం మానేసి "బాబూ, ఇటు రా" అని పిలిచారు. పెళ్ళైన నాలుగేళ్ళకు!

సంక్రాంతి విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోండి. కనుమనాడు కాకి కూడా కదలదంటారు మనవాళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ రోజు బయలుదేరితే బాధపడతారు. కాబట్టి సెలవు ముక్కనుమ వరకు పెట్టుకోండి. ఛత్రపురంలో పండుగ చేసుకుంటే ముక్కనుమనాడు రంభ అనే ఊరికి వెళ్ళి చిలిక సరస్సులో పడవ ఎక్కవచ్చు. 1981లోనే రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరిన సరస్సు అది. చలికాలంలో వలస పక్షులు నీటి మీద చాపలు పరిచినట్టు కనిపిస్తాయి. కాళీజాయి గుడి ఉన్న దీవికి మకర సంక్రాంతినాడు విపరీతమైన జనం వెళ్తారు. రెండు రోజులు ఆగి వెళ్తే అమ్మవారిని ప్రశాంతంగా చూడవచ్చు. ఆ గుడి కథ మీ ఇద్దరూ పడవవాడి నోటనే వినండి. జాయి అనే పెళ్ళికూతురు పడవలో అత్తవారింటికి వెళ్తుండగా గాలివాన వచ్చి మునిగిపోయిందట. సరస్సు మీద బతికేవాళ్ళు ఆమెను అమ్మవారిగా కొలుస్తారు. పెళ్ళైన ఏడాదికి నేను ఆ కథ మొదటిసారి విన్నప్పుడు పడవ అంచు పట్టుకున్న నా చెయ్యి ఒడ్డుకు చేరేదాకా వదలలేదు.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను, ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావారి నెల పౌర్ణమితో ముగుస్తుంది. అందుకే మా వంటింట్లో గోడకు రెండు వేలాడుతుంటాయి. ఒకటి తెలుగు క్యాలెండరు, రెండోది ఒడియా పాంజి, అంటే వాళ్ళ పంచాంగం. ఒక్కటే చూసుకుంటే కార్తీకంలో తప్పకుండా పొరపాటు పడతారు. కార్తీక పౌర్ణమితో ముగిసే అయిదు రోజులను ఇక్కడ పంచుక అంటారు. కొంగ కూడా చేపను ముట్టదని చెప్పుకునే రోజులు. పౌర్ణమి తెల్లవారుజామున బోయిత బందాణ. అరటి డొప్పతో, రంగు కాగితాలతో చేసిన చిన్న పడవల్లో దీపం, తమలపాకు, వక్క పెట్టి చెరువులోనో సముద్రంలోనో వదులుతారు. కళింగ వర్తకులు బాలి, జావా దీవులకు ఓడల మీద బయలుదేరిన జ్ఞాపకం అది. మర్నాడే ఛాడఖాయి. నెలంతా నియమంగా ఉన్న ఇళ్ళన్నీ ఆ రోజు చేపల కోసం, మాంసం కోసం బజారుకు వెళ్తాయి. మనకేమో కార్తీకం ఇంకా పదిహేను రోజులు మిగిలే ఉంటుంది. పెళ్ళైన మొదటి ఏడు పక్కింటి మౌసీ ప్రేమగా చేపల కూర గిన్నె తెచ్చి ఇస్తే నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. తీసుకుంటే మా అత్తగారికి కష్టం, వద్దంటే ఆమెకు కష్టం. మా అత్తగారే వచ్చి గిన్నె అందుకుని, "మా కార్తీకం ఇంకా అవలేదు అక్కా, పోలి పాడ్యమి దాటాక నీ చేతి కూరే తింటాం" అని ఒడియాలో చెప్పి, ఖాళీ చేసిన గిన్నె నిండా మా ఇంటి పులిహోర పోసి పంపారు. కూర అదే వీధిలో ఇంకొకరింటికి చేరింది. అప్పటి నుంచి ఆ మౌసీ ఏటా పోలి పాడ్యమి మర్నాడే మాకు చేపలు వండి పంపుతుంది.

కాబట్టి మీకు నా సలహా: కార్తీక పౌర్ణమికి ఛత్రపురం వెళ్ళండి, పోలి పాడ్యమికి పలాస వెళ్ళండి. రెండూ నీటి మీద దీపాలు వదిలే పండుగలే, రెండింటికీ అరటి డొప్పలే. పదిహేను రోజుల తేడాతో రెండిళ్ళకూ వెళ్ళినట్టవుతుంది, ఎవరి వంతూ తగ్గదు. ముందు రోజు రాత్రి డొప్పలు కోసే పని ఉంటుంది చూడండి, అది మీరు తీసుకోండి. డొప్ప లోపలి వైపు నీరు కారుతుంటుంది, చాకు జారుతుంది, చేతులకు అంటిన జిగట మర్నాటి వరకు పోదు. మా అత్తగారు చేతులకు కొబ్బరినూనె రాసుకుని కోస్తారు.

మార్గశిరంలోనూ ఇదే తేడా. ఒడియావారి మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. వాళ్ళు మాణబసా గురువారం అంటారు, మనం మార్గశిర లక్ష్మివారం అంటాం. పూజ ఒకే అమ్మవారికి. కొత్త వడ్లు కొలిచే మాణ, అంటే మన మానిక లాంటిదే, నింపి పీట మీద పెడతారు. మనం పొడిపిండితో ముగ్గు వేస్తే వాళ్ళు బియ్యం తడిపి రుబ్బిన పిండిలో వేళ్ళు ముంచి ఝోటి గీస్తారు. వాకిట్లో నుంచి లోపలి వరకు లక్ష్మి పాదాలు వేస్తారు. మీ ఆవిడకు ముగ్గు వచ్చినా ఆ తడిపిండి గీత చేతికి పట్టాలంటే రెండు లక్ష్మివారాలు పడుతుంది.

చైత్రం గురించి రాయకుండా ఉండలేను. మీరిద్దరూ బరంపురంలో ఉంటున్నారు కాబట్టి బుఢీ ఠాకురాణి యాత్ర మీ పండుగే అవుతుంది. రెండేళ్ళకోసారి, సుమారు నెల రోజులు జరుగుతుంది. అమ్మవారు గుడి నుంచి దేశిబెహెరా వీధికి, తన పుట్టింటికి, వస్తుంది. నేత కులపెద్ద దేశిబెహెరాకు ఆమె కూతురు. అందుకే నేతవాళ్ళ ఇళ్ళలో ఆ నెలంతా ఆడపిల్ల వచ్చిన ఇంటి సందడి ఉంటుంది. రాత్రిళ్ళు ఘటాలతో ఊరేగింపు. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. ఒళ్ళంతా పసుపు, నలుపు చారలు వేసుకున్న పులివేషాలు డప్పుల మోతకు వీధి వీధీ ఊగిస్తాయి. ఆ నెలలో మీరు ఎక్కడికీ వెళ్ళకండి. రెండు వైపుల వాళ్ళనూ ఇక్కడికే పిలవండి. మా ఇంటికి ఒక యాత్రలో పద్నాలుగు మంది వచ్చారు. మా అమ్మా, మా అత్తగారూ ఒకే చాప మీద పడుకుని తెల్లవారుజాము దాకా మాట్లాడుకున్నారు. అంతకుముందు పదేళ్ళలో వాళ్ళిద్దరూ పెళ్ళిళ్ళలో పలకరించుకోవడమే తప్ప అలా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. నాకు ఆ యాత్రలో అన్నిటికంటే గుర్తున్నది ఆ రెండు గొంతులే.

అదే కాలంలో ఊళ్ళలో దండ నాట కూడా చూస్తారు. మొక్కుకున్నవాళ్ళు ఇల్లు విడిచి, ఒంటిపూట తింటూ, ఎండలో కాలే నేల మీద పొర్లి మొక్కు చెల్లిస్తారు. దూరం నుంచి ఫోటోలు తీసి వచ్చేయకండి, కాసేపు వాళ్ళతో కూర్చోండి. మేష సంక్రాంతికి అది ముగుస్తుంది. ఆ రోజు మారేడు గుజ్జు, బెల్లం కలిపిన పణా తాగుతారు. తులసికోట మీద అడుగున చిన్న చిల్లు పెట్టిన కుండ వేలాడదీస్తారు. ఎండలు మండే నెలంతా ఆ చిల్లులోంచి చుక్క చుక్కగా నీళ్ళు తులసి మొదట్లో పడుతుంటాయి. మా ఇంట్లో అది మా అత్తగారు మొదలుపెట్టింది, ఇప్పుడు కుండ నింపే పని నాది. ముందు ముందు పిల్లలు పుడితే పుట్టువెంట్రుకలకు చైత్ర మంగళవారాల్లో తారాతారిణి కొండకు వెళ్ళండి. 999 మెట్లున్నాయి, ఎక్కలేని పెద్దవాళ్ళకు రోప్‌వే ఉంది.

ఊళ్ళు చూడడం గురించి రెండు ముక్కలు. గోపాల్‌పూర్ మీకు 16 కిలోమీటర్లే, ఏ ఆదివారమైనా సాయంత్రం వెళ్ళిరావచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఋషికుల్య సముద్రంలో కలిసే చోటుకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి గుంపులుగా వస్తాయి. పొడంపేట, పురుణబంధ జాలర్లు తెలుగు మాట్లాడతారు. వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పినంత దూరంలోనే నిలబడండి. టార్చిలైటు మాత్రం వెయ్యకండి, వెలుతురు చూస్తే అవి దారి తప్పుతాయి. మహాశివరాత్రికి పలాసలో ఉంటే మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కే వాళ్ళతో కలవండి. 1501 మీటర్ల కొండ మీద భీముడి పేరన, కుంతి పేరన రాతి గుళ్ళున్నాయి.

పండుగ కాని రోజు కూడా ఒకటి ఉంది. అది చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. మన తీరంలో దసరా అంటే తుపాను రోజులు కూడా. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా ఇంటి రేకులు లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రోజు మా తమ్ముడు పడిన చెట్ల మధ్య మోటారు సైకిలు తోసుకుంటూ వచ్చాడు, వెనక అటుకుల బస్తా, కొవ్వొత్తులు, కిరసనాయిలు. అయిదేళ్ళ తర్వాత 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఈసారి మేము బయలుదేరాం. గొడ్డళ్ళు, నీళ్ళ డబ్బాలు, మా అత్తగారు రాత్రంతా మేలుకుని వేయించిన మరమరాలు తీసుకుని. మా నాన్న తోటలో నిలబడి ఉన్నారు. పడిపోయిన ఒక్కో కొబ్బరి చెట్టు మొదలు మీద చెయ్యి వేసి, "ఇది నీ అన్నప్రాశన నాడు నాటింది, ఇది మీ తమ్ముడు బడికి వెళ్ళిన ఏడు" అని చెబుతున్నారు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా ఆయన వెనకే నడుస్తూ దారికి అడ్డుపడిన కొమ్మలు నరికారు. ఆ దసరా ఎవరి వంతో మాకు గుర్తు కూడా రాలేదు. ఆ ఏడాది సెలవులన్నీ ఆ తోటలోనే అయిపోయాయి.

అందుకే ఏడాది మొదట్లోనే సెలవులన్నీ పండుగలకు రాసి పెట్టుకోకండి. మూడు, నాలుగు రోజులైనా అక్టోబరు చివరి దాకా ముట్టకుండా ఉంచండి. పలాసకు వెళ్ళేటప్పుడు ఇక్కడి అప్పడాలు పట్టుకెళ్ళండి, వచ్చేటప్పుడు వాళ్ళు జీడిపప్పు ఇస్తే వద్దనకండి, సగం ఛత్రపురానికి పంపండి. ఒడియా పాంజి బజారులో ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరుకుతుంది, ఈ వారమే కొనండి. ఠాకురాణి యాత్రకు ఇంటి నిండా జనం వచ్చి చాపలు సరిపోకపోతే మొహమాటపడకుండా అడగండి. మా అటక మీద పన్నెండు ఉన్నాయి.