కొలరాడో పబ్లిక్ ల్యాండ్‌లో తొలి మ్యూల్ డీర్ వేట: ముందు మోసుకొచ్చే దారి చూసుకోండి

మీరడిగింది ఇదీ: ఉండేది డల్లాస్. రెండేళ్లుగా టెక్సస్‌లో లీజుకి తీసుకున్న నేలలో వైట్‌టెయిల్ అనే దుప్పిని వేటాడుతున్నారు. వచ్చే నవంబరులో స్నేహితుడితో కలిసి కొలరాడో వెళ్లి పబ్లిక్ ల్యాండ్‌లో (ప్రభుత్వ భూమిలో) మ్యూల్ డీర్ అనే కొండ దుప్పిని కొట్టాలని ఉంది. ఇద్దరూ ఆ వైపు ఎప్పుడూ కాలు పెట్టలేదు, గైడ్‌కి పెట్టేంత డబ్బు లేదు, పైగా మీరు హెచ్-1బి మీద ఉన్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని.

నేను మొదలుపెట్టిన చోట మాత్రం మొదలుపెట్టకండి. 2021లో మ్యాపులో అందంగా కనిపించిన చోటు చూసుకుని వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాను. 2022లో ఒక బక్ (మగ దుప్పి) పడింది గానీ, దాన్ని కారు దాకా చేర్చేసరికి చుక్కలు కనిపించాయి (అర్ధరాత్రి కాబట్టి ఎలాగూ కనిపిస్తాయనుకోండి). ఈ రెండు ట్రిప్పులూ కలిసి నాకు నేర్పిన ప్లానింగ్ ఒక్కటే. చివర్నుంచి మొదటికి రండి. పడ్డ జంతువు మాంసాన్ని మీ ఇద్దరి వీపుల మీద ఏ దారిన, ఎన్ని గంటల్లో కారు దగ్గరికి తేగలరో ముందు తేల్చుకోండి. ఆ హద్దు లోపలే వేటకి చోటు వెతకండి. అందరూ యూనిట్ (వేట కోసం రాష్ట్రం గీసిన ప్రాంతం), పాయింట్లు, రైఫిల్ అంటూ అటునుంచి మొదలుపెడతారు. నేనూ అంతే చేశాను.

ముందు మీ వీసా సంగతి తేల్చేద్దాం. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. ఆ "చెల్లుబాటులో ఉన్న" దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరులో కొత్తది కొనకుండా రైఫిల్ ఇంట్లో బీరువాలో ఉంచినా ఇబ్బందే. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడగండి, ఇలాంటి చోట పొదుపు చూసుకోవద్దు. స్నేహితుడిది గ్రీన్ కార్డయితే ఆయనకి ఈ గొడవ లేదు.

ఇక ట్యాగ్, అంటే ఒక జంతువుని కొట్టడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి చీటీ. కొలరాడోలో మ్యూల్ డీర్ ట్యాగులన్నీ డ్రాలోనే (లాటరీలాంటిది), దుకాణంలో నేరుగా కొనుక్కునేది లేదు. అప్లికేషన్ గడువు ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది. నవంబరు వేటకి ఏప్రిలేంటి అని నేను మొదటిసారి నవ్వుకున్నాను. డ్రాలో రాకపోతే ప్రిఫరెన్స్ పాయింటు ఇస్తారు, తర్వాతి డ్రాలో మిమ్మల్ని ముందుకి జరిపేది అదే. పేరున్న యూనిట్లలో మూడో, నాలుగో రైఫిల్ సీజన్‌కి ఏళ్ల తరబడి పాయింట్లు పోగేసినవాళ్లు క్యూలో ఉంటారు. రెండో సీజన్‌కి, డో (ఆడ దుప్పి) ట్యాగులకి అంత పోటీ ఉండదు. డ్రాల తర్వాత మిగిలిన ట్యాగుల జాబితా కూడా చూడండి. బయటి రాష్ట్రాలవాళ్లకి బక్ ట్యాగ్ సుమారు ఐదొందల డాలర్లు పడుతుంది, దాని ముందు కొనాల్సిన అర్హత లైసెన్సు వేరే. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. టెక్సస్ సర్టిఫికెట్ చెల్లుతుంది. కానీ టెక్సస్‌లో కోర్సు వాయిదా వేసుకోవడానికి ఒకసారి ఇచ్చే డిఫరల్ సర్టిఫికెట్ కాదు. ఎవరైనా దాంతో నెట్టుకొస్తుంటే ఇప్పుడే కోర్సు పూర్తిచేయండి.

2021 కథకి వస్తాను. డల్లాస్ నుంచి అమరిల్లో, రటోన్ పాస్, డెన్వర్, అక్కణ్ణుంచి ఐ-70 మీద రైఫిల్ అనే ఊరు (నిజంగానే ఆ ఊరి పేరు రైఫిల్), పైన మీకర్. వెయ్యి మైళ్లకు పైనే. నేనూ మా బావమరిదీ వంతులవారీగా నడుపుతూ ఒక్క దెబ్బలో వెళ్లిపోయాం. ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది, అక్కడే మావాడికి తలనొప్పి మొదలైంది. మర్నాడు వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో 10,000 అడుగుల దగ్గర టెంట్ వేశాం. డల్లాస్ సముద్రమట్టానికి ఐదొందల అడుగులు కూడా ఉండదు. ఆ రాత్రంతా వాడు వాంతులు, నేను నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లడం. సీజన్ తొలిరోజు అలా టెంట్లోనే పోయింది. మీరైతే డెన్వర్‌లోనో ఆ పక్కనో ఒక రాత్రి ఆగండి, నీళ్లు బాగా తాగండి, సీజన్‌కి రెండు రోజుల ముందే చేరండి. ఆ రెండు రోజుల సెలవు దండగ అనిపిస్తుంది గానీ, వేట దొరికేది దాని వల్లే.

అంతకంటే పెద్ద తప్పు ఆ ఎత్తే. వేసవిలో మ్యూల్ డీర్ కొండల పైన ఆస్పెన్ తోపుల్లో మేస్తాయి. మంచు పేరుకునే కొద్దీ కింద సేజ్ పొదలు, జూనిపర్ చెట్లు ఉన్న నేలకి దిగిపోతాయి. టెక్సస్ దుప్పి పుట్టిన చోటే తిరుగుతుంది, వీటికి మాత్రం వలస ఉంది. నవంబరు రెండో వారంలో మేం మోకాలి లోతు మంచులో నాలుగు రోజులు నడిచి ఎల్క్ అడుగులు తప్ప ఏమీ చూడలేదు. అయిదో రోజు పెట్రోలు పోయించుకుంటుంటే ఒక పెద్దాయన మా నారింజ టోపీలు చూసి ఎక్కడ వేటాడుతున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వకుండా ఉండటానికి పడ్డ కష్టం నాకిప్పటికీ గుర్తుంది. "ఆ కొండ మీద ఉన్నవన్నీ మీరు రాత్రి దిగి వచ్చిన రోడ్డు పక్కనే పడుకుని ఉన్నాయి" అన్నాడు.

మధ్యలో ఒక మాట. ఇంట్లో ఫోన్‌లో "జింకని కొట్టావంట్రా" అంటే నేను దుప్పి అని దిద్దుతుంటాను. మన జింక కొమ్ములు రాలవు, జీవితాంతం అవే. దుప్పి, కణుజు కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. మ్యూల్ డీర్ ఆ దుప్పి జాతిది. కంచరగాడిద చెవుల్లాంటి చెవులు కాబట్టి ఆ పేరు. మా అమ్మకి ఈ వివరణతో పని లేదు, మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించిన పని నువ్వు అక్కడెందుకు చేస్తున్నావని ఆవిడ ప్రశ్న. అది వేరే చర్చ.

మ్యాపు దగ్గరికొద్దాం. ఆన్‌ఎక్స్ లాంటి యాప్ తీసుకుని మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకోండి, అక్కడ సిగ్నల్ ఉండదు. బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూములు చూసే సంస్థ) నేల పసుపు, నేషనల్ ఫారెస్ట్ ఆకుపచ్చ, రాష్ట్ర ప్రభుత్వానిది నీలం, ప్రైవేటుది తెలుపు. నీలం చూసి సంబరపడకండి. కొలరాడోలో స్టేట్ ట్రస్ట్ భూమి పబ్లిక్ యాక్సెస్ ప్రోగ్రామ్‌లో చేరితేనే వేటకి తెరుస్తారు. తెల్ల నేల మీద కంచె లేకపోయినా, బోర్డు లేకపోయినా అనుమతి లేకుండా వేటాడకూడదు. పసుపు ముక్క కనిపించగానే అడగాల్సింది దానికి దారి ఏదని. నేను ఎంచుకున్న ఒక పసుపు ముక్కకి ఒకే రోడ్డు, ఆ రోడ్డు రాంచ్ గేటు దగ్గర తాళంతో ఆగిపోయింది. మ్యాపులో రోడ్డు గీత ఉంటే పబ్లిక్ రోడ్డే అనుకున్నాను. ఫారెస్ట్ సర్వీసు ఉచితంగా ఇచ్చే మోటారు వాహనాల మ్యాపు చూడండి, ఏ రోడ్డు మీద ఏ బండి ఏ నెలల్లో వెళ్లొచ్చో అందులో ఉంటుంది. బీఎల్ఎం నేలకి వాళ్ల స్థానిక ఆఫీసుకి ఫోన్ చేయండి.

రెండు పసుపు గళ్లు మూల దగ్గర మాత్రమే తగిలి, పక్క గళ్లు రెండూ ప్రైవేటువైనప్పుడు ఆ మూల మీదుగా అడుగు వేయొచ్చా అనే తగాదా వయోమింగ్‌లో కోర్టుకెక్కింది. 1860ల్లో రైలు కంపెనీలకి గడి విడిచి గడి భూములిచ్చిన పుణ్యం అది. కొలరాడో కూడా పరిధిలో ఉన్న పదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో వేటగాళ్ల వైపు తీర్పిచ్చింది. అయినా తొలి ట్రిప్పులో మూలల జోలికి వెళ్లకండి. మీరు వెళ్లింది వేటకి, షెరీఫ్‌తో వాదనకి కాదు.

యూనిట్ ఖరారు చేసే ముందు కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లకి ఫోన్ చేసి ఆ ప్రాంతం బయాలజిస్ట్‌తో మాట్లాడండి. వేటగాళ్లు సిగ్గుపడి చేయని పని ఇది. "దుప్పులు ఎక్కడున్నాయి" అని అడిగితే చెప్పరు. "ఆ సీజన్‌కి మామూలుగా ఏ ఎత్తులో ఉంటాయి, మంచు పడితే ఏ వైపు దిగుతాయి, కిందటి చలికాలం మందని ఎంత దెబ్బకొట్టింది" అని అడగండి. ఈ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. 2022-23 చలికాలం వాయవ్య కొలరాడోలో దుప్పుల్ని దారుణంగా చంపింది, ఆ తర్వాత ట్యాగులు బాగా కోసేశారు. పాత వీడియోలు చూసి వెళ్లినవాళ్లకి ఇది తెలీదు. నా యూనిట్ నంబరు మాత్రం అడక్కండి, చెప్పను. బావమరిదికి కూడా చెప్పేవాణ్ణి కాదు, వాడు పక్కనే ఉన్నాడు కాబట్టి తప్పలేదు.

2022లో 7,000 అడుగుల దగ్గర బీఎల్ఎం నేల ఎంచుకున్నాం. నడవడం తగ్గించి కూర్చోవడం పెంచాం. టెక్సస్‌లో ఫీడర్ (మేత చల్లే డబ్బా) దగ్గరికి దుప్పే వస్తుంది. కొలరాడోలో ఎర వేయడం చట్టవిరుద్ధం, కాబట్టి మీరే కళ్లతో వెతకాలి. 10x42 బైనాక్యులర్‌ని ట్రైపాడ్ మీద బిగించి ఎదుటి వాలుని కుడి నుంచి ఎడమకి గజం గజం చూడండి. మన కళ్లు ఎడమ నుంచి కుడికి చదివే అలవాటులో జారిపోతాయి, తిరగేస్తే ఆగి చూస్తాయి. తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. మీ వాసన ఆ గాలి ఎటు పోతే అటే పోతుంది.

మూడో సాయంత్రం, సూర్యుడు కొండ మీదికి వాలాక, గంట నుంచి నేను చూస్తున్న బూడిద రంగు పొదలో ఒక మూల చిన్నగా ఊగింది. గాలి లేదు. ఇంకోసారి ఊగింది. చెవి. ఆ చెవి కింద కన్ను, పక్కన కొమ్ము, అప్పుడు మొత్తం బక్ ఒక్కసారిగా బొమ్మకట్టింది. అంతసేపూ అది అక్కడే పడుకుని ఉంది. 220 గజాలు, లోయకి అవతల. బావమరిది గొణిగాడు, "బావా, అక్కణ్ణుంచి ఎలా తెస్తాం?" సరైన ప్రశ్న అడిగింది వాడొక్కడే. నేను వినలేదు.

చట్టం ప్రకారం సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు, ఇంకా సమయం ఉంది. కాల్చాను, పడింది. ట్యాగ్ చింపి సంతకం పెట్టి కట్టేసరికి చీకటి పడింది. అక్కణ్ణుంచి కారు 2.3 మైళ్లు, 900 అడుగుల ఎక్కుడు. మా దగ్గరున్నవి స్కూలు బ్యాగుల్లాంటి సంచులు. పొట్ట చీల్చకుండా ఒక పక్క తోలు ఒలిచి, ముందుకాలు, వెనక తొడ, వీపు కండ తీసి, తిప్పి రెండో పక్కా అలాగే చేశాం. మగదని తెలిసే గుర్తు ఒక తొడకి అంటిపెట్టుకునే ఉండాలి, అది కోసేస్తే జరిమానా. ఎముకలు అక్కడే తీసేసుంటే ఒక్క విడతలో వచ్చేసేవాళ్లం. తెలీక ఎముకలతోనే మోశాం. రెండు విడతలు, హెడ్‌ల్యాంప్ వెలుగులో, ఒకటి గంటకి ముగిసింది. ఫ్రేమ్ ఉన్న సంచి, గాలాడే గుడ్డ సంచులు, అదనపు బ్యాటరీలు, పదునైన కత్తి. రైఫిల్ మీద పెట్టే డబ్బు వీటి మీద పెట్టండి. మీ టెక్సస్ రైఫిల్ .270 గానీ .308 గానీ అయితే అదే చాలు.

రోడ్ల గురించి ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఆ బంకమట్టి దారులు పొద్దున్నే గడ్డకట్టి సిమెంటులా ఉంటాయి. మధ్యాహ్నం ఎండకి కరిగితే టైరుకి నాలుగంగుళాల మట్టి పట్టి బండి అడుగు కదలదు. మూడు గంటలకి ఇరుక్కున్నారా, మళ్లీ గడ్డకట్టేదాకా చలిలో కూర్చోవడమే. టైర్లకి కట్టే గొలుసులు, పార ఉంచుకోండి. ఐ-70 కొండ భాగంలో సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా మంచు కోసం పెట్టిన టైర్ల నిబంధన అమల్లో ఉంటుంది. బండిలో రైఫిల్ చాంబర్ ఖాళీగా ఉండాలి. ఒంటి మీద 500 చదరపు అంగుళాల నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ బట్ట ఉండాలి, తల మీద కూడా. సిగ్నల్ లేని చోట మెసేజ్ పంపే శాటిలైట్ పరికరం ఒకటి అద్దెకైనా తీసుకోండి.

తిరుగు ప్రయాణానికి ముందు తలని క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (దుప్పుల మెదడుని తినేసే జబ్బు) పరీక్షకి ఇవ్వండి. ఈ జబ్బుని మొదట గుర్తించింది 1967లో కొలరాడోలోనే. కొన్ని యూనిట్లలో పరీక్ష తప్పనిసరి, మిగతా చోట్ల మనమే అడిగి చేయించుకోవాలి. జబ్బు ఉందని తేలిన జంతువు మాంసం తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. మెదడు, వెన్నెముక రాష్ట్రాల సరిహద్దు దాటించడం మీద కట్టడి ఉంది కాబట్టి ఎముక తీసిన మాంసమే తెచ్చుకోండి. మా ఫలితం వచ్చేదాకా మా ఆవిడ ఆ పొట్లాల్ని ఫ్రీజర్‌లో అడుగు అరలో పెట్టి, పైన "ముట్టకండి" అని రాసింది. జబ్బు లేదని ఈమెయిల్ వచ్చిన ఆదివారం ముందుకాలు మాంసం గోంగూరతో వండాం. కొవ్వు ఉండదు కాబట్టి నూనె కాస్త ఎక్కువే పోయాలి, కుక్కర్లో ఎనిమిది విజిల్స్‌కి గానీ మెత్తబడలేదు.